దారిలో దొరికిన జింక ఎవరిది?

వాహనం తగిలి రోడ్డు పక్కన పడివున్న జింకనో, కుందేలునో, నెమలినో చూసినప్పుడు చాలామందికి తట్టే ఆలోచన ఒక్కటే. దీన్ని మనం వేటాడలేదు, మనం చంపలేదు, వృథాగా కుక్కల పాలు చేయడమెందుకు అని. ప్రాణం ఇంకా కొట్టుకుంటూ ఉంటే ఆలోచన మరో అడుగు ముందుకు వేస్తుంది. ఎవరో పరుగున వెళ్లి ఊళ్లోని సాయిబును పిలుచుకొస్తారు. బిస్మిల్లాహ్ అని కత్తి పెడితే హలాల్ అయిపోతుందని, ఇక అడిగేవారెవరూ ఉండరని అనుకుంటారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఇది ఊహించి వేసుకున్న ప్రశ్న కాదు. లారీలు, ఆటోలు నడిపేవారిలో, మాంసం దుకాణాలు పెట్టుకున్నవారిలో మన సోదరులు ఎందరో ఉన్నారు. పల్లెల్లో పండుగ వచ్చినా, పెళ్లి జరిగినా మేకను జబహ్ చేయడానికి ముస్లింను పిలవడం తరతరాల ఆనవాయితీ. కనుక దారిలో దొరికిన ఆ జంతువు చివరికి మన చేతిలోని కత్తి దగ్గరికే వస్తుంది. అప్పుడు మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న 'ఇది హలాలా, హరామా?' అన్నది కాదు. 'ఇది ఎవరిది?' అన్నది.

అడవిని చీల్చుకుంటూ పోయే దారులు

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను విడదీసి ఏర్పరచిన జిల్లాల్లో ఈ మూడూ ఉన్నాయి. మూడింటి నేల తీరు మూడు రకాలు. జనగామ మెట్ట ప్రాంతం. రాళ్లగుట్టలు, చెరువులు, వాటి నడుమ నెమళ్లు, కుందేళ్లు, అడవి పందులు. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా భోపాలపట్నం వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి ఈ జిల్లా గుండానే పోతుంది. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం, గూడూరు వైపు దట్టమైన అడవులున్నాయి. 860 చదరపు కిలోమీటర్ల పాకాల అభయారణ్యం వరంగల్, మహబూబాబాద్ జిల్లాల్లో పరచుకుని ఉంది. భూపాలపల్లి జిల్లాలో మహాముత్తారం, పలిమెల, మహదేవ్‌పూర్ అడవులు గోదావరి ఒడ్డు వరకూ సాగుతాయి. ఆ దారుల్లోనే సింగరేణి బొగ్గు లారీలు, గోదావరి ఇసుక లారీలు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి.

వేసవిలో వాగులు, కుంటలు ఎండిపోగానే జంతువులు నీటికోసం రోడ్డు దాటక తప్పదు. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఎలుగుబంట్లు, జింకలు బయటికి వస్తాయి. బస్తాల నుంచి రోడ్డు మీద రాలిన ధాన్యం కోసం నెమళ్లు దిగుతాయి. హెడ్‌లైట్ల వెలుగు కళ్లలో పడితే జింక పారిపోదు, ఉన్నచోటనే కొయ్యబారి నిలబడిపోతుంది. డ్రైవరు బ్రేకు వేసేలోపు జరగవలసింది జరిగిపోతుంది.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో ఈ విషయాన్ని తేల్చేది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. వేట నేరమని అందరికీ తెలుసు. కాని ఆ చట్టంలోని 39వ సెక్షన్ సంగతి తెలిసినవారు తక్కువ. వేటాడిన జంతువే కాదు, చనిపోయి దొరికిన వన్యప్రాణి, పొరపాటున చంపబడిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తి అని ఆ సెక్షన్ చెబుతోంది. అంటే లారీ తగిలి చనిపోయిన జింక ప్రాణం పోయిన క్షణం నుంచీ ప్రభుత్వానిదే. దానికి యజమాని లేడనుకోవడం పొరపాటు.

అటువంటి జంతువు ఏ విధంగానైనా ఎవరి చేతికైనా వస్తే 48 గంటల్లోగా దగ్గరలోని పోలీసు స్టేషన్‌కు గాని, అధికారమున్న అటవీ అధికారికి గాని తెలియజేయాలి. అడిగితే అప్పగించాలి. ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి ముందుగా రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప దాన్ని తీసుకోవడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, ఉచితంగా ఇవ్వడం, చివరికి నాశనం చేయడం కూడా నేరమే. మంచి ఉద్దేశంతో గొయ్యి తీసి పాతిపెట్టినా చెప్పకుండా చేయరాదన్నమాట.

శిక్షలు చిన్నవి కావు. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న చట్టం ప్రకారం సాధారణంగా మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒకటవ షెడ్యూలులోని జంతువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, దానికి తోడు పాతిక వేలకు తగ్గని జరిమానా. నెమలి, కృష్ణజింక, ఎలుగుబంటి, చిరుత, అలుగు, ఉడుము ఈ షెడ్యూలులోనివే. తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింక, పొలాలు పాడుచేసే అడవి పంది రెండవ షెడ్యూలులో ఉన్నాయి. ఉడుము అంత చిన్న జంతువుకు అంత పెద్ద శిక్షా అని ఆశ్చర్యపోయేవారు ఉంటారు. కాని చట్టం జంతువు బరువును చూడదు, అది అంతరించిపోయే ప్రమాదాన్ని చూస్తుంది.

మరో రెండు సంగతులు డ్రైవరు సోదరులు గుర్తుంచుకోవాలి. ఒకటి, వన్యప్రాణి మాంసం గాని, చర్మం గాని ఎవరి దగ్గరైనా దొరికినట్లు తేలితే, అది చట్టబద్ధంగా వచ్చిందని రుజువు చేసుకోవలసిన భారం 57వ సెక్షన్ ప్రకారం ఆ వ్యక్తి మీదే ఉంటుంది. 'మేము చంపలేదు, దారిలో దొరికింది' అన్న మాట అక్కడ ఆదుకోదు. దొరికినదాన్ని చెప్పకుండా తీసుకోవడమే నేరమైనప్పుడు ఆ మాట ఒప్పుకోలు అవుతుందే తప్ప జవాబు కాదు. రెండు, మాంసం తరలించిన వాహనాన్ని స్వాధీనం చేసుకుంటారు. అటవీ అధికారులు పట్టుకున్నంత మాత్రాన వాహనం ప్రభుత్వపరం కాదని, నేరం రుజువు కావాలని, ఈలోగా దాన్ని తాత్కాలికంగా విడిపించే అధికారం మేజిస్ట్రేటుకు ఉందని మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. అయినా ఆ విడుదల కోసం కోర్టుల చుట్టూ తిరిగే నెలల్లో ఆటో మీద, ట్రాలీ మీద తీసుకున్న అప్పు వాయిదాలు ఆగవు.

వండేసిన తరువాత ఎవరు గుర్తుపడతారులే అనుకోవడమూ వృథాయే. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల చిన్న మాంసం ముక్క నుంచి డీఎన్ఏ తీసి అది మేకదో, జింకదో తేల్చగలదు. వండిన మాంసమైనా సరే. 2017 మార్చిలో మహదేవ్‌పూర్ అడవుల్లో జింకల వేట కేసు రాష్ట్రమంతటా చర్చకు వచ్చిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అటువంటి ప్రాంతంలో జింక మాంసం సంచితో ఎదురైన మనిషి ప్రమాదం కథ చెబితే అధికారులు వెంటనే నమ్మకపోవడంలో వింతేముంది?

కత్తి పట్టినవారి సంగతి

'నేను తీసుకోలేదు, తినలేదు, పిలిస్తే వెళ్లి జబహ్ మాత్రమే చేశాను' అంటే సరిపోదు. నేరానికి తోడ్పడినవారిని కూడా నేరం చేసినవారిగానే 52వ సెక్షన్ లెక్కిస్తుంది. పైగా, కొన ఊపిరితో ఉన్న జింక గొంతు కోయడమంటే చట్టం దృష్టిలో అది వేటే. వన్యప్రాణిని చంపడం, గాయపరచడం, దాని శరీర భాగాన్ని తీసుకోవడం అన్నీ 'వేట' అన్న మాట కిందికే వస్తాయి. లారీ డ్రైవరు చేసింది ప్రమాదం. సాయిబు చేసింది వేట. ఊరివారి మొహమాటానికి వెళ్లి పెద్ద నేరాన్ని నెత్తిన వేసుకునేది ఆయనే.

అడవి పంది మాంసం మనకు ఎలాగూ హరామ్. కాబట్టి దాంతో మనకు పని లేదనుకుంటాం. కాని గుద్దుకున్న పందిని ట్రాలీలో వేసి మరొకరికి అమ్మిపెట్టినా అదే చట్టం వర్తిస్తుంది.

షరీఅత్ దృష్టిలో

ఇక ధర్మం మాట. దివ్య ఖుర్ఆన్ ఐదవ సూరా అల్ మాయిదా మూడవ ఆయత్‌లో తినరానివాటి జాబితా ఉంది. తనంతట చచ్చినది, ఊపిరాడక చచ్చినది, దెబ్బ తగిలి చచ్చినది, ఎత్తు నుంచి పడి చచ్చినది, కొమ్ముల పోటుకు చచ్చినది, క్రూరమృగం కొరికి చంపినది, ఇవన్నీ అందులో ఉన్నాయి. ప్రాణం ఉండగా జబహ్ చేసుకున్నదానికి మాత్రమే మినహాయింపు. వాహనం తగిలి చచ్చిన జంతువు 'దెబ్బ తగిలి చచ్చినది' అన్న మాట కిందికి వస్తుంది. అది ముర్దార్. జింకైనా, కోడైనా, మేకైనా తేడా లేదు. ఇందులో ఎవరికీ సందేహం లేదు.

సందేహమంతా ఆ మినహాయింపు దగ్గరే. ప్రాణం ఉన్న జింకను జబహ్ చేస్తే మాంసం తినవచ్చు కదా? జింక తినదగిన జంతువే కదా? నిజమే. కాని హలాల్ అన్నది కత్తి ఒక్కదానితో పూర్తయ్యే విషయం కాదు. దొంగిలించిన మేకను ఎంత చక్కగా జబహ్ చేసినా అది దొంగ సొమ్మే. ఇతరుల హక్కును కబళించి తిన్నది కడుపులో నిప్పే అని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాం. ప్రభుత్వ ఆస్తి అంటే ఎవరిదీ కానిది కాదు, అందరిదీ. ఒక్కడి దగ్గర దొంగిలిస్తే ఒక్కడిని క్షమాపణ అడగవచ్చు. అందరిదీ తింటే ఎవరిని అడగాలి?

ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఒక ఉల్లేఖనం ఉంది. మన చర్చకు అతికినట్లు సరిపోయే ఉదంతమది. దైవప్రవక్త (స) ఇహ్రామ్ స్థితిలో అనుచరులతో మక్కా వైపు ప్రయాణిస్తున్నారు. రౌహా అనే చోట గాయపడిన అడవి గాడిద ఒకటి దారిలో కనిపించింది. దాన్ని వదిలేయమని, దాని యజమాని రాబోతున్నాడని ఆయన చెప్పారు. అంతలో దాన్ని వేటాడిన వ్యక్తి వచ్చి తనంతట తానే వారికి ఇచ్చేశాడు. అప్పుడే దాని మాంసం పంచమని హజ్రత్ అబూబక్ర్ (ర)ను ఆదేశించారు. ప్రయాణం సాగింది. ఉసాయా అనే చోట ఒంట్లో బాణం గుచ్చుకుని నీడలో ఒదిగి పడుకున్న జింక కనిపించింది. ప్రవక్త (స) ఒక మనిషిని దాని దగ్గర నిలబెట్టారు. జనమంతా దాటిపోయేవరకు ఎవరూ దాన్ని కదిలించకుండా చూడడమే అతని పని.

గమనించండి. బాట మీద దొరికిన జంతువు విషయంలో ఆయన మొదట చూసింది యజమాని హక్కు. రెండవది గాయపడిన ప్రాణి నెమ్మది. ఆకలితో, అలసటతో ఎడారి దాటుతున్న సమూహం అది. చేయి చాస్తే అందేంత దగ్గరలో మాంసం ఉంది. అయినా ఒక కాపలాదారుణ్ణి పెట్టి మరీ దాన్ని కాపాడారు. చేతులకూ, బల్లేలకూ అందేంత దగ్గరలోకి వేట జంతువులను పంపి విశ్వాసులను పరీక్షించడం గురించి అదే అల్ మాయిదా సూరా 94వ ఆయత్ చెబుతోంది. ఇహ్రామ్‌లో ఉన్నవారి కోసం వచ్చిన ఆదేశమది. కాని చేతికి అందిన ప్రతిదీ మనది కాదన్న పాఠం రోడ్డు పక్కన నిలబడ్డ మనకూ పనికివస్తుంది.

మేక సంగతి వేరు

రోడ్డు మీద దెబ్బ తిన్నది మేకో, గొర్రో అయితే లెక్క మారుతుంది. సల్అ కొండ దగ్గర మేకలు కాచే ఒక పనిమనిషి, మంద లోని మేక చావబోతుంటే రాయి పగలగొట్టి దాని పదునుతో జబహ్ చేసిందని, దాన్ని తినవచ్చునని ప్రవక్త (స) చెప్పారని బుఖారీలో ఉల్లేఖన ఉంది. కాబట్టి ప్రాణం స్పష్టంగా ఉండి, యజమాని ఒప్పుకుంటే జబహ్ చేయవచ్చు. ప్రాణం పోయాక కత్తి పెట్టి రక్తం చూపించడం మోసం.

ఇక్కడా అసలు మాట యజమానిదే. చచ్చినా బతికినా ఆ మేక పెంచుకున్నవారిది. చెప్పకుండా ఎత్తుకుపోతే ఇతరుల సొత్తును కాజేసిన నేరం కింద భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ వర్తిస్తుంది. 2024 జూలై 1కి ముందు ఇదే నేరం పాత శిక్షాస్మృతి 403వ సెక్షన్‌లో ఉండేది. గుద్దిన డ్రైవరు ఆగి, గొల్ల సోదరుణ్ణి వెతికి నష్టం మాట్లాడుకోవడం చట్టానికీ, ధర్మానికీ ఒకేలా నచ్చే పని. ఆవు, ఎద్దు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1977 నాటి గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం ఉంది. దాని కన్నా వేగంగా పాకే పుకార్లూ ఉన్నాయి. యజమానికి, పశువైద్యునికి, పంచాయతీకి కబురు చేసి పక్కన నిలబడడమే క్షేమం.

మాంసం దుకాణాల వారికి ఒక్క మాట. సహజంగా చనిపోయిన జంతువు మాంసం అమ్మరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. రోడ్డు పక్కన పడివున్న ప్రతి జంతువూ వాహనం తగిలినదే కానక్కరలేదు. రోగంతో కూలినదీ కావచ్చు. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలు ఆంత్రాక్స్‌తో చనిపోయాయి. ఆ రోగం ఉన్న కళేబరాన్ని కోస్తే కోసినవారి చేతి గీతల గుండానే అది లోపలికి పోతుంది.

తోలు, కొమ్ము, ఈక

హజ్రత్ మైమూనా (ర) ఇంటి స్త్రీకి దానంగా వచ్చిన గొర్రె చనిపోతే, దాని తోలు ఎందుకు వాడుకోలేదని, నిషిద్ధమైనది తినడమేనని ప్రవక్త (స) అన్నట్లు హదీసుల్లో ఉంది. దీన్ని ఆధారం చేసుకుని జింక తోలును పదును చేసి జానమాజ్‌గా వేసుకోవచ్చని వాదించేవారు ఉన్నారు. కాని ఆ గొర్రె ఆమె సొంతం. ఈ జింక మన సొంతం కాదు. కొమ్ములు, గోళ్లు, పళ్లు, తోలు అన్నీ చట్టం దృష్టిలో జంతువుతో సమానమే. పాత హవేలీల దివాన్‌ఖానాల్లో తాతల నాటి కొమ్ములు వేలాడుతుంటే వాటికి యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. పత్రం ఉండి, ఉంచుకోవడం ఇష్టం లేనివారు ముందుగా తెలియజేసి ప్రభుత్వానికి అప్పగించే వీలు 2022 సవరణలో ఉంది. పరిహారం మాత్రం రాదు.

దర్గాల్లో కనిపించే మోర్‌ఛల్ మాటేమిటి? నెమలి తోక ఈకలకు చట్టంలో మినహాయింపు ఉంది. అది రాలిన ఈకకే గాని పక్షికి కాదు. చచ్చిన నెమలిని ఇంటికి తెచ్చి ఈకలు పీకితే ఒకటవ షెడ్యూలు నేరమే. అలాగే తల్లి చనిపోయి ఒంటరిదైన జింకపిల్లను జాలితో ఇంట్లో పెంచడమూ కుదరదు. జాలి ఉంటే ఆ రోజే అటవీ శాఖకు అప్పగించాలి.

ఇతర దేశాల్లో

అమెరికాలో ఉంటున్న మన పిల్లలు 'ఇక్కడ రోడ్డు మీద చచ్చిన జింకను ఇంటికి తెచ్చుకోవచ్చట' అని చెబుతుంటారు. నిజమే, కాని రాష్ట్రానికో రీతి. అలాస్కాలో మూస్ అనే భారీ దుప్పి వాహనం తగిలి చనిపోతే అది ప్రభుత్వానిదే. ముందే పేర్లు ఇచ్చిన సేవాసంస్థలకు పోలీసులు ఫోను చేసి మాంసం పేదలకు చేరేలా చూస్తారు. ఆరెగన్‌లో 2019 నుంచి ఉచితంగా అనుమతిపత్రం ఇస్తున్నారు. తల, కొమ్ములు మాత్రం ఐదు పనిదినాల్లో ప్రభుత్వానికి అప్పగించాలి. పక్షుల విషయంలో ఆ దేశమంతటా 1918 నాటి చట్టం కఠినంగా ఉంది. వలస పక్షి ఈకను నేల మీది నుంచి ఏరుకుని ఉంచుకున్నా నేరమే. అనుమతించే చోటా, నిషేధించే చోటా సూత్రం ఒక్కటే. ముందు చెప్పాలి, తరువాతే తాకాలి. మన దేశంలో మాంసం తెచ్చుకునే అనుమతిపత్రాల పద్ధతి లేదు. ఇక్కడ చెప్పడంతోనే మన బాధ్యత ముగుస్తుంది.

ఏం చేయాలి?

దెబ్బ తిన్న వన్యప్రాణి కనిపిస్తే వాహనాన్ని దూరంగా ఆపి ఇండికేటర్లు వేయండి. 112కు గాని, దగ్గరలోని అటవీ రేంజి కార్యాలయానికి గాని ఫోను చేసి ఊరి పేరు, కిలోమీటరు రాయి చెప్పండి. బతికి ఉంటే గుంపు చేరనివ్వకండి. మనుషుల అలికిడికే భయంతో ప్రాణం విడిచే జంతువు జింక. ఎలుగుబంటి, చిరుత, అడవి పంది దగ్గరికి అసలే వెళ్లకండి. చనిపోయి ఉంటే అధికారులు వచ్చి పంచనామా చేస్తారు, పశువైద్యుడు పోస్టుమార్టం జరుపుతాడు, తరువాత కాల్చడమో పూడ్చడమో వారి పని. పెంపుడు పశువైతే సంచార పశువైద్యశాల నంబరు 1962.

ఫోను చేస్తే మన మీదే కేసు పెడతారేమోనన్న భయం చాలామందిని పారిపోయేలా చేస్తోంది. ఆ భయాన్ని పోగొట్టవలసిన బాధ్యత అధికారుల మీదా ఉంది. సమాచారమిచ్చిన డ్రైవరును గౌరవంగా పంపించిన ఒక్క ఉదంతం లారీ అడ్డాలో పది మందికి ధైర్యమిస్తుంది. మసీదు కమిటీలు, డ్రైవర్ల సంఘాలు అటవీ సిబ్బందిని పిలిచి ఒక పూట మాట్లాడించినా మేలే.

దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్‌లోని ఒక శాఖ అని మనకు నేర్పారు. రాయి, ముల్లు తొలగించడం ఎంత పుణ్యమో, రోడ్డు మధ్య పడివున్న ప్రాణికి మరో చక్రం తగలకుండా నిలబడి, దాని హక్కుదారుకు కబురు పంపడమూ అంతే పుణ్యం. కత్తికి పిలుపు వచ్చినప్పుడు 'ఇది మనది కాదు బాబూ, ముందు ఫోను చేయండి' అని చెప్పగలిగిన సాయిబు ఒక కుటుంబాన్ని జైలు నుంచి, పది మందిని అక్రమ భోజనం నుంచి కాపాడినవాడవుతాడు.